పటంలో పసుపు

మొన్న మంగళవారం పొద్దున ఒకామె మా గేటు దగ్గర నిలబడి, కొంగులో చుట్టి తెచ్చిన ఉక్కు స్కేలు నా ముందుకు చాపింది. పన్నెండంగుళాలది. ఒక చివర నా పొడి అక్షరాలున్నాయి, నేనే సూదిమొనతో గీసుకున్నవి.

“అమ్మ పోయింది సార్. దినాలు కూడా అయిపోయినాయి. ఇది మీదంట గదా.”

ఎవరైనా “అయ్యో” అంటారు. నా నోటి నుంచి వచ్చిన మాట అది కాదు. “ఇంకా పసుపు పూయలేదు గదా, అప్పుడే ఇస్తున్నావెందుకు?” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పింఛనుదారులకు మతి చలిస్తుందని విని ఉంటుంది. కళ్ళారా చూడటం అదే మొదటిసారి కాబోలు. స్కేలు మాత్రం నేను తీసుకోలేదు. కాసేపు అది మా ఇద్దరి మధ్య గాలిలో ఉండిపోయింది.

నేను ముప్పై ఏళ్ళు మా పట్టణంలో ప్లానింగ్ సెక్షన్‌లో పటాలు గీశాను. ఊరి పేరు రాయను. మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ, ఒకప్పుడు పలకల షెడ్లు నడిచిన చిన్న ఊరు అనుకోండి. పేరు రాస్తే ఆఫీసు ఏదో తెలుస్తుంది. ఆఫీసు గురించి నోరు మెదపని అలవాటు నాకు పింఛను కంటే ముందే మంజూరైంది.

ఆ పోయినావిడ పేరు కూడా రాయను. నిజం చెప్పాలంటే చాలాకాలం ఆ పేరు నాకు తెలియదు. అర్జీ మీద ఉండేదే. నేను సర్వే నంబరు ఒక్కటే చూసేవాడిని.

ఆమె పలకల మనిషి. హనుమంతునిపాడు పక్క నుంచి కాపురానికి వచ్చిన ఏడాదే షెడ్డులో చేరి, పలకలకు చెక్క ఫ్రేములు బిగిస్తూ వయసంతా గడిపింది. ఫ్రేము బిగించే ముందు పలకను వేలి కణుపుతో కొట్టి చూడాలట. మంచి పలక మోగుతుంది. లోపల నెర్రె ఉంటే చచ్చుగా పలుకుతుంది. షెడ్లు మూతపడ్డాక పలకలు లేకపోయాయి గాని వేలు ఊరుకోలేదు. తలుపు, బీరువా, కుండ, ఏది ఎదురైనా రెండు దెబ్బలు వేసి చెవి పెట్టేది. మా ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు నాకు నమస్కారం పెట్టకముందే నా బల్లను కొట్టింది.

“ఇది లోపల పోయింది నాయనా. దీని మీద ఆనుకోబాక.”

నేను నవ్వాను. నవ్విన ఆర్నెల్లకు బల్ల కాలు విరిగింది. నేనూ, నా టీ గ్లాసూ కలిసి మాస్టర్ ప్లాన్ మీద పడ్డాం. ఊరి ఉత్తర భాగంలో ఇప్పటికీ ఒక గోధుమరంగు మరక ఉంటుంది. తర్వాత వచ్చిన ఉద్యోగి ఒకరు అది చెరువు అనుకుని కొలతలకు బయల్దేరబోతే ఆపాల్సి వచ్చింది.

ఆమె పని ఇది. షెడ్ల వెనక ఒకే ఒక వీధి ఉంది. పలకల పనివాళ్ళు కట్టుకున్న ఇళ్ళు. ఏనాడో పాత ప్లాన్ గీసిన మహానుభావుడు షెడ్లకు ఊదారంగు వేస్తూ, కుంచె ఆపడం మరిచిపోయి వీధిని కూడా కలిపేశాడు. ఊదా అంటే పరిశ్రమలు, పసుపు అంటే నివాసాలు. పరిశ్రమ పోయింది, రంగు ఉండిపోయింది. రంగు ఉన్నంతకాలం ఆ వీధిలో కొత్త గోడకు అనుమతి లేదు, ఉన్న ఇంటిని రెండు చేయడానికి అసలే లేదు. దానికి తోడు, ఇంతకంటే చిన్న ముక్కలుగా స్థలాన్ని విడగొట్టరాదని ఇంకొక పాత నిబంధన. ఆమెది నాలుగు సెంట్లు. ఆ నాలుగు సెంట్లలో ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరల్లుళ్ళు, ఒక పొయ్యి.

“నేనుండగానే మధ్యలో గోడ పెట్టి, ఆ పక్క నీది, ఈ పక్క నీది అని కాగితం చేసిచ్చి పోవాల నాయనా. లేకుంటే నేను పోయిన మర్నాడే కొట్టుకుంటారు.”

“కొట్టుకోరులే అవ్వా. తోడబుట్టినవాళ్ళు గదా.”

“నువ్వు వాళ్ళని చూసినావా?”

“లేదు.”

“నేను చూసినాను. మంచోళ్ళే. పొయ్యి కాడికి వచ్చేతలికే ఆ మంచితనం యాడికి పోతాదో తెలీదు.”

అర్జీకి ఇంటి ప్లాను జతచేయాలని చెప్పాను. మర్నాడు ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద బలపంతో ఇల్లు గీసి ఉంది.

“ఇట్ల కాదవ్వా. కాగితం మీద గీయించుకుని రావాలి.”

“కాగితం ఇస్తే మీ కాడనే ఉండిపోతాది. పలకైతే నాతో ఇంటికొస్తాది.”

అంతకుముందు ఆమె ఇచ్చిన రెండు అర్జీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఒకటి నా కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆపుతోంది. అందుచేత వాదించలేదు. పలకను చూసి మాత్రం, చదువుకున్నవాడికి సహజమైన చిరునవ్వు ఒకటి నవ్వాను. ఆ బొమ్మలో వీధి కంటే గుమ్మం పెద్దది. గుమ్మం కంటే పొయ్యి పెద్దది. ఇల్లు మొత్తంలో సగం పొయ్యే.

“దీనికి స్కేలు లేదవ్వా” అన్నాను. “ఏది ఎంత ఉందో అంతకు తగ్గట్టు గీయాలి. పొయ్యి ఇంత ఉంటుందా?”

“ఉండకేం? గొడవంతా దాని మీదనే గదా.”

ఆమె చెప్పిన కొలతలతో నేను పద్ధతి ప్రకారం గీసి చూపించాను. నా బొమ్మలో పొయ్యి పెసరగింజంత వచ్చింది. ఊరి పటంలో ఐతే ఆమె వీధి నా పెన్సిలు ములికి కంటే సన్నం. ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసి, నా మీద జాలిపడినట్టు చూసి తన పలకను చంకలో పెట్టుకుంది.

రంగుల సంగతి ఆమెకు చెప్పింది కూడా నేనే. పటం పరిచి చూపించాను.

“మాది ఇదా? వంకాయ రంగు వేసినారే!”

“పసుపు రంగులో ఉంటేనే ఇండ్లని అర్థం అవ్వా.”

“నేను ప్రతి శుక్రవారం గడపకు పసుపు పూస్తానే. అది లెక్కకు రాదా?”

“పటంలో ఉండాలి.”

“అయితే ఆడ కూడా పూయి. చేతిలోనే ఉంది గదా రంగు.”

అప్పటినుంచి అదే మా పలకరింపు అయింది. నెలకోసారి వచ్చేది, వాకిట్లోనుంచే “పూసినావా?” అనేది. నేను “ఇంకా లేదవ్వా” అనేవాడిని. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మా ఇద్దరి మధ్య ఏదో నోము నడుస్తోందనుకునేవాళ్ళు.

కొన్నేళ్ళకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కాలం చెల్లిన నిబంధనలనూ పాత ప్లాన్‌నూ సమీక్షించి సవరణలు ప్రతిపాదించాలి. నోటు రాసే పని నా మీద పడింది. పడిందని అందరితో చెప్పుకున్నాను గాని, నేనే ఎదురెళ్ళి పట్టుకున్నాను. నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. ఊళ్ళు ఎట్లా పెరుగుతాయి, మనుషులు ఎక్కడ ఎందుకు ఇళ్ళు కట్టుకుంటారు అని చాలా చదివాను. అదంతా ఎవరికైనా చెప్పాలని ఎప్పటినుంచో ఉబలాటం. నలభై పేజీలు రాశాను. చిన్న స్థలాల విభజనకు వీలు కల్పించాలని రాశాను. ఊదారంగులో చిక్కుకున్న వీధులను విడిపించాలని రాశాను. మనిషి ముందు, పటం తర్వాత అని ఒక వాక్యం రాసి, దాన్ని ఆ రోజు సాయంత్రం దాకా మూడుసార్లు చదువుకున్నాను.

ఆమె వచ్చినప్పుడు ఆ భాగం చదివి వినిపించాను. ఆమె కాగితాల కట్ట మీద వేలితో రెండు దెబ్బలు కొట్టింది.

“ఏందో నాయనా, మోగడంలా.”

“ఏం మోగాలి?”

“మా వీధి పేరు యాడుంది ఇందులో?”

వీధి పేరు లేదు. అనుబంధం నాలుగులో సర్వే నంబర్లున్నాయి. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఎవరికోసం రాశానో వాళ్ళే మెచ్చుకోకపోవడం ఏమిటనుకున్నాను.

అయినా ముసాయిదా పటంలో ఆ వీధి పసుపైంది. నా చేత్తో నేనే వేశాను. నోటీసు గోడకు అంటించాం. ఈ మార్పుల మీద అభ్యంతరాలు, సలహాలు ఏవైనా ఉంటే నెల రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. వాటికోసం ఒక రిజిస్టరు పెట్టాం. దాంట్లో గళ్ళు గీసింది నేనే. వరుస సంఖ్య, పేరు, అభ్యంతరం, సలహా, సంతకం. గళ్ళు సమానంగా వచ్చాయని పై అధికారి మెచ్చుకున్నాడు.

నోటీసు అంటించిన రోజే ఆమె వచ్చింది. పలక కడిగి, ఇల్లు కొత్తగా గీసుకుని వచ్చింది. అసలు తప్పు అక్కడ జరిగింది. చేసినవాడిని నేనే గనుక, ఎట్లా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

“మీకేమన్నా అభ్యంతరం ఉందా అవ్వా?” అని అడిగాను.

“నాకెందుకుంటాది నాయనా? ఇష్టమే.”

“ఐతే మీరేమీ ఇవ్వక్కర్లేదు. అభ్యంతరం ఉన్నవాళ్ళే రావాలి. నిశ్చింతగా ఇంటికి పొండి.”

“మా వీధోళ్ళు?”

“వాళ్ళకేమన్నా అభ్యంతరమా?”

“ఎవురికుంటాది?”

“అయితే వాళ్ళూ రానక్కర్లేదు. ఎండలో ఎందుకు తిరగడం?”

అది నా దయ. మధ్యాహ్నం ఎండలో ముసలివాళ్ళను తిప్పకూడదని నా ఉద్దేశం. ఆమె ఇంటింటికీ పోయి చెప్పిందట: మ్యాపుల సారు చెప్పినాడు, ఇష్టమున్నోళ్ళు ఇంట్లోనే ఉండాలంట. వీధి వీధంతా బుద్ధిగా ఇంట్లోనే ఉంది.

రావలసినవాళ్ళు వచ్చారు. షెడ్ల యజమాని ఆ స్థలంలో మళ్ళీ ఏదో ఫ్యాక్టరీ పెట్టే ఆలోచనలో ఉన్నాడు. పక్కన నివాసాలని పటంలో పడితే అతనికి కట్టుబాట్లు వస్తాయి. ఒక అభ్యంతరం అతను ఇచ్చాడు. అవే మాటలతో బంధువులు, స్నేహితులు మరో తొమ్మిది ఇచ్చారు. వాళ్ళలో ఒకరు కూడా ఆ వీధిలో ఉండరు.

సమీక్షా సంఘం కూర్చున్న రోజు నేను మూలన కూర్చుని చర్చల సారం రాసుకుంటున్నాను. ఆ వీధి వంతు వచ్చింది. అధ్యక్షుడు రిజిస్టరు తిప్పాడు.

“పది అభ్యంతరాలున్నాయి. కావాలని ఒక్కరూ రాయలేదే? అక్కడి వాళ్ళకే పట్టింపు లేనట్టుంది. పాత రంగే ఉంచేద్దాం.”

అప్పుడు నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. వాళ్ళకి ఇష్టమేనండీ, రావద్దన్నది నేనే. నలభై పేజీలు రాసిన చేతికి ఆ వాక్యం పెద్ద లెక్క కాదు. నేను లేవలేదు. లేస్తే నోటు రాసినవాడే నోటు చెడగొట్టాడని తెలుస్తుంది. తల వంచుకుని, “అనుకూల స్పందన ఏదీ రాలేదు” అని రాశాను. దస్తూరి బాగా కుదిరింది.

నెల తిరక్కముందే ఆమె వాకిట్లో నిలబడింది.

“పూసినావా?”

“ఈసారి రాలేదవ్వా” అని మొదలుపెట్టాను. విధివిధానాలు, సంఘం పరిధి, మెజారిటీ స్పందన అంటూ పది నిమిషాలు మాట్లాడాను. ఆమె బల్లకు చేయి ఆనించకుండా నిలబడి అంతా విన్నది.

“అంటే ఏంది నాయనా. వద్దన్నోళ్ళు వచ్చినారు. కావాలన్నోళ్ళని నువ్వు ఇంటికాడ ఉండమన్నావు. అంతేనా?”

“అంతే అవ్వా.”

తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది. ఆమె కొంగుతో పలక మీద ఇల్లు తుడిచేసింది. పొయ్యి, గుమ్మం, వీధి అన్నీ పోయాయి.

“మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు దీన్ని?”

“తెలియదవ్వా. ఏళ్ళు పట్టొచ్చు.”

“గోడకు పర్మిషన్ కావాల గదా. గీతకి?”

“గీతకి దేనికి?”

“ఊరికే అడిగినాలే.” పోతూ పోతూ నా బల్ల మీద ఉన్న స్కేలు తీసుకుని కొంగులో దోపుకుంది. “ఇది నా కాడ ఉంటాది. మా వీధికి పసుపు పూసిన రోజు వచ్చి తీసుకపో.”

ప్రభుత్వ ఆస్తి అని చెప్పబోయి ఆగాను. అది నా సొంత డబ్బుతో కొన్నది. పైగా న్యాయం ఎవరి పక్క ఉందో అంతపాటి నాకూ తెలుసు.

తర్వాత నేను రిటైరయ్యాను. ఎప్పుడన్నా బస్టాండులోనో, కూరగాయల సంతలోనో ఎదురైతే ఆమె మాట్లాడేది కాదు. దూరం నుంచే రెండు చేతులూ పన్నెండంగుళాల ఎడంగా పట్టి చూపించేది. భద్రంగా ఉందిలే అని. నేను తల ఊపేవాడిని. పక్కనున్నవాళ్ళు చేప గురించి అనుకునేవాళ్ళు. చివరిసారి చూసినప్పుడు చేతులు వణుకుతున్నాయి, ఎడం మాత్రం తప్పలేదు.

ఇదంతా గేటు దగ్గర నిలబడ్డ చిన్నకూతురికి తెలియదు. స్కేలు ఎవరు ఇమ్మన్నారని అడిగాను.

“అక్క గుమ్మం కాడ పెట్టి పోయినాది. ఇచ్చిరమ్మని అర్థం.”

“నోటితో చెప్పలేదా?”

“మాకు మాటల్లేవు సార్. అమ్మ పోయిన మూడో నాటి నుంచి.” స్కేలు మళ్ళీ కొంగులో చుట్టుకుంటూ, “మా వీధి మ్యాపు మారుస్తామని మళ్ళీ ఏదో నోటీసు అంటించినారంట ఆఫీసు కాడ. అమ్మ ఉంటే మీ కాడికి పరిగెత్తేది. ఎల్లుండితో గడువు అయిపోతాదంట” అన్నది.

నేను చెప్పులు వేసుకుని ఆమె వెంట వెళ్ళాను. ముప్పై ఏళ్ళు పటంలో ఆ వీధిని చూశాను. కాళ్ళతో పోవడం అదే మొదటిసారి.

ఇల్లు చూశాక “గీతకి?” అని అవ్వ ఆనాడు ఎందుకడిగిందో అర్థమైంది. వెనక గోడ నుంచి గుమ్మం దాకా, నేలలో పలకముక్కలు నిలువుగా పాతి ఉన్నాయి. అన్నీ చిట్లినవి, షెడ్ల వెనక గుట్టల్లోంచి ఏరుకొచ్చినవి. బెత్తెడు ఎత్తు కూడా లేదు. గోడ కాదు గనుక ఎవరి అనుమతీ అక్కర్లేని గీత. వంకర లేదు. నా స్కేలు పెట్టి సరిచూసుకున్నదట. అటొక పొయ్యి, ఇటొక పొయ్యి.

“నేను గీత దాటలేదు సార్, ఆమెకి చెప్పండి” అన్నది గీతకు అటు నుంచి పెద్దకూతురు.

“గిన్నె దాటింది సార్, ఆమెకి చెప్పండి” అన్నది ఇటు నుంచి చిన్నకూతురు.

ఇద్దరి మధ్యా గుమ్మంలో నిలబడ్డాను. “రేపు ఇద్దరూ ఆఫీసుకు రండి. వీధిలో అందరికీ చెప్పండి. ఇష్టమున్నవాళ్ళు తప్పకుండా రావాలి” అన్నాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

పదకొండు మంది వచ్చారు. కౌంటరులో కొత్తమ్మాయి. ముందు వరుసలో నన్ను చూసి రిజిస్టరు తెరిచింది. కొత్త రిజిస్టరే గాని గళ్ళు నావే. వరుస సంఖ్య, పేరు, అభ్యంతరం, సలహా, సంతకం. పాతదాన్ని చూసి అట్లాగే గీశారట.

“అభ్యంతరమా సార్, సలహానా?”

“రెండూ కాదమ్మా. వీళ్ళందరికీ ఆ వీధిని పసుపు చేయడం ఇష్టమే. అది చెప్పడానికి వచ్చారు.”

“అభ్యంతరం లేకపోతే ఇవ్వక్కర్లేదు సార్. ఎండలో ఎందుకు తిప్పుతారు పెద్దవాళ్ళని?”

ఎంత మర్యాదగా అన్నదో. నా గొంతు ఎట్లా ఉండేదో ఆ రోజు తెలిసింది.

చిన్నకూతురి చేతిలోంచి స్కేలు తీసుకుని, రిజిస్టరు నా వైపు తిప్పుకుని, సలహాకూ సంతకానికీ మధ్య ఒక గీత గీశాను. “సార్, సార్, రిజిస్టరు!” అంటూ ఆ అమ్మాయి లేచి నిలబడింది. “ఈ గళ్ళు మొదట గీసింది నేనేనమ్మా. ఒకటి మరిచిపోయాను” అన్నాను. గడి మీద “ఇష్టమే” అని రాశాను. గడి ఇరుకు కావడంతో దస్తూరి ఏమంత బాగా రాలేదు.

ఒక్కొక్కరే సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. పెద్దకూతురు పెన్ను పట్టుకుని ఆగింది.

“అమ్మ పేరు కూడా రాయొచ్చా సార్?”

“చనిపోయినవాళ్ళ సమ్మతి చెల్లదమ్మా” అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నిబంధన అది, నోరు నాది.

ఆమె తన పేరు రాసి, పెన్ను కింద పెట్టి, రిజిస్టరు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టింది. అచ్చం తల్లి కొట్టినట్టే.

“మోగుతోందా అక్కా?” అన్నది చిన్నకూతురు. నాతో కాదు.

“ఏమో. ఇప్పుడే ఏం తెలుస్తాది” అన్నది పెద్దకూతురు. అదీ నాతో కాదు.

బయటికి వచ్చాక చిన్నకూతురు స్కేలు మళ్ళీ నా ముందుకు చాపింది. పసుపు వచ్చేదాకా మీ ఇంట్లోనే ఉంచండి అన్నాను.

“ఎవురింట్లో సార్?” అన్నది పెద్దకూతురు. “మాకింకా రెండిండ్లు కాలేదు గదా.”

ఆ పలకముక్కల గీత మీద పెట్టమన్నాను.